మూత్ర పరీక్ష: సీసా చేతికిచ్చే ముందు చెప్పాల్సిన మాట

(మా సంఘం మహిళా ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మేము మాట్లాడబోయేది వేదికల మీద సాధారణంగా వినపడని విషయం. మూత్ర పరీక్షకు శాంపిల్ ఎలా ఇవ్వాలి అన్నదే అది. గర్భిణి మొదలు నానీల వరకు దాదాపు ప్రతి స్త్రీ ఎప్పుడో ఒకప్పుడు ఆ సీసా పట్టుకోవాల్సిందే. "బాత్రూంకి వెళ్లి పట్టుకురామ్మా" అంటారే తప్ప ఎలా పట్టాలో చెప్పేవారు తక్కువ. అడగడానికి మనకు సిగ్గు. ధర్మం నేర్చుకోవడానికి అన్సారీ స్త్రీలు సిగ్గును అడ్డు రానివ్వలేదని హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. ఆరోగ్యం విషయంలోనూ మనకు అదే ఆదర్శం కావాలి.

శాంపిల్ పాడైందని ల్యాబ్ వారు చెబితే, "నేను శుభ్రంగా లేనా?" అని కొందరు చిన్నబుచ్చుకుంటారు. అది పొరపాటు అభిప్రాయం. తహారత్ ఎంత బాగా చేసుకున్నా చర్మం మీద కొన్ని క్రిములు ఉంటాయి. వాటివల్ల మనకు హాని లేదు. అయితే స్త్రీలలో మూత్రనాళం సుమారు 4 సెంటీమీటర్లే. దాని ద్వారం చుట్టూ ఉన్న క్రిములు, తెల్లబట్ట, నెలసరి రక్తం సులువుగా సీసాలోకి చేరతాయి. శాంపిల్ చెడేది పద్ధతి తెలియక.

దీనివల్ల నష్టం ఏమిటి? రిపోర్టులో ఎపిథీలియల్ కణాలు ఎక్కువగా ఉన్నా, కల్చర్‌లో రెండు మూడు రకాల క్రిములు కలిసి పెరిగినా, శాంపిల్ కలుషితమైందని అనుమానించాలి. అది గమనించకపోతే లేని ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ మింగాల్సి వస్తుంది. గమనిస్తే మళ్లీ పరీక్ష, మళ్లీ ఆటో ఖర్చు, మరో రోజు కూలి పోవడం. అసలు ఇన్ఫెక్షన్‌కూ కలుషితానికీ తేడా తెలుసుకోవడానికే 1950లలో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ కాస్ మిల్లీలీటరుకు 1,00,000 క్రిములు అన్న లెక్కను ముందుకు తెచ్చారు. ఆ అంకె ఈనాటికీ రిపోర్టుల్లో కనిపిస్తుంది.

గర్భిణుల విషయం మరీ ముఖ్యం. వారికి మంట, నొప్పి ఏమీ లేకుండానే మూత్రంలో క్రిములు ఉండవచ్చు. వదిలేస్తే అవి కిడ్నీలకు ఎక్కి, నెలలు నిండకుండానే కాన్పు అయ్యే ప్రమాదం ఉంది. తెల్లబట్ట కలిస్తే లేని ప్రోటీన్ కూడా ఉన్నట్లు కనిపించి, బీపీ సమస్యేమోనన్న కంగారు పుడుతుంది.

ఇక పద్ధతి వినండి. ముందుగా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. దుస్తులు, చున్నీ తడవకుండా సర్దుకోవాలి. ముందునుంచి వెనక్కి మంచినీటితో కడుక్కుని, శుభ్రమైన గుడ్డతో తుడుచుకోవాలి. డెటాల్ వంటివి వాడకూడదు. అవి సీసాలో కలిస్తే ఉన్న క్రిములు కూడా చచ్చి, రిపోర్టు తప్పుతుంది. చర్మం మడతలను ఒక చేత్తో పక్కకు తీసి, మొదటి ధార వదిలేయాలి. దారిలోని క్రిములను అదే కడుక్కుపోతుంది. ఆపకుండా మధ్య ధారను సీసాలో పట్టి, చివరిది వదిలేయాలి. సీసా అంచు ఒంటికి తగలకూడదు, మూత లోపల వేలు పెట్టకూడదు.

సీసా ల్యాబ్ ఇచ్చినదే వాడండి. ఇంట్లోని జామ్ సీసా కడిగి తెస్తే, మిగిలిన తీపి మూత్రంలో చక్కెరలా కనిపించవచ్చు. నెలసరిలో ఉంటే ముందే చెప్పండి. వీలైతే పరీక్ష వాయిదా వేస్తారు. కల్చర్ రాస్తే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే శాంపిల్ ఇవ్వాలి. పట్టిన గంట రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి. వెచ్చదనంలో క్రిములు గబగబా పెరుగుతాయి. ఆలస్యమైతే ఫ్రిజ్‌లో పెట్టండి.

ల్యాబులు నడిపే సోదరులకూ ఒక విన్నపం. బాత్రూంకు గడియ, కుళాయిలో నీళ్లు, బురఖా తగిలించడానికి ఒక కొక్కెం, సీసా పెట్టడానికి చిన్న అరుగు ఉంచండి. పద్ధతి చెప్పడానికి ఒక స్త్రీని నియమించండి. తెలుగులో, ఉర్దూలో బొమ్మలతో ఒక కాగితం గోడకు అంటించండి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

సోదరీమణులారా, ఇక్కడ విన్నది ఇంట్లో కూతుళ్లకు, కోడళ్లకు, మోకాళ్ల నొప్పితో కూర్చోలేని అత్తగార్లకు చెప్పండి. అవసరమైతే వారితో లోపలికి వెళ్లి సీసా పట్టండి. అదీ సేవే. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.