ధర కాదు, వేడి! బడ్జెట్ రెడ్ వైన్ రుచిని పాడుచేసేది ఇదే

ముందే చెప్తున్నా, ఈ ఎపిసోడ్ 21 ఏళ్లు నిండినవాళ్లకి మాత్రమే. మన రెండు రాష్ట్రాల్లోనూ లీగల్ ఏజ్ అదే.

మన దగ్గర ఒక కామెడీ ఉంది. షాపు బోర్డు మీద "వైన్స్" అని ఉంటుంది. లోపల విస్కీ, బ్రాందీ, బీరు అన్నీ దొరుకుతాయి. అసలు వైన్ మాత్రం ఏదో మూల అరలో దుమ్ము పట్టి ఉంటుంది. ఆ బాటిల్ తెచ్చి అలాగే తాగితే "ఛీ, ఇదేంట్రా ఇంత మంట" అనిపిస్తుంది. "చీప్ కదా, అందుకే" అనుకుని ఈసారి ఇంపోర్టెడ్ కొంటారు. జేబుకి చిల్లు, రుచి మాత్రం మళ్లీ అంతే!

ఎందుకంటే చాలాసార్లు ప్రాబ్లమ్ ధర కాదు, టెంపరేచర్. "రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలి" అనే మాట చల్లటి యూరప్ ఇళ్లకి సరిపోతుంది. రెడ్ వైన్‌కి కావలసింది సుమారు 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో విజయవాడలో రూమ్ అంటే ఎంతో మీకు తెలుసు. అంత వేడిలో ఆల్కహాల్ ఘాటు ముందు ముక్కుకి కొడుతుంది, పండు వాసన వెనకపడిపోతుంది.

సొల్యూషన్ సింపుల్. తాగే ముందు బాటిల్‌ని గంట, గంటన్నర ఫ్రిజ్‌లో పెట్టండి. టైమ్ లేదా? ఐసు, నీళ్లు కలిపిన బకెట్‌లో పది, పదిహేను నిమిషాలు చాలు. మరీ చల్లబడితే వగరు ఎక్కువవుతుంది, అప్పుడు కాసేపు బయట ఉంచండి.

ఆ వగరు టానిన్ వల్ల వస్తుంది. ద్రాక్ష తొక్కలో, గింజలో ఉంటుంది. నేరేడు పండు తింటే నాలుక పట్టేస్తుంది చూడండి, అలాంటిదే. టానిన్‌కి తోడు ఆల్కహాల్, దానికి తోడు మన కారం కలిస్తే నోరు మండిపోతుంది. అందుకే గుంటూరు కారం వేసిన కోడి వేపుడు పక్కన పెట్టి, కారం తగ్గించిన కీమా, కబాబ్ లేదా పనీర్ ట్రై చేయండి. మాంసం, కొవ్వు ఉన్న తిండితో వగరు మెత్తబడుతుంది.

కొనేటప్పుడు రెండు చూడండి. ఒకటి, షోకేస్‌లో ఎండ తగిలే బాటిల్ వద్దు. రెండు, లేబుల్ మీద సంవత్సరం. అది ద్రాక్ష కోసిన సంవత్సరం. బడ్జెట్ వైన్ దాచుకోవడానికి కాదు, కాబట్టి కొత్తదే తీసుకోండి. నాసిక్ షిరాజ్ లాంటివి మొదలుపెట్టడానికి బాగుంటాయి. మూత తీశాక మళ్లీ బిగించి ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల్లో పూర్తి చేయండి.

అలాగని ఒక్కరే ఒక్క రాత్రిలో ఖాళీ చేయమని కాదు! 750 మిల్లీలీటర్ల బాటిల్ అంటే 150 చొప్పున ఐదు గ్లాసులు. 13 శాతం వైన్ ఒక గ్లాసులో, 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గు ఒకటిన్నరలో ఉన్నంత ఆల్కహాల్ ఉంటుంది. "గుండెకి మంచిది" అనే సాకు కూడా వద్దు. ఏ మోతాదులో తాగినా సేఫ్ కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. తాగేది రుచి కోసమైతే, తక్కువే తాగండి. తాగాక బండి తాళం మాత్రం ముట్టుకోవద్దు.

కోడ్‌లో బగ్ పట్టుకోవాలంటే ఒకసారికి ఒక్కటే మారుస్తాం కదా? ఇక్కడా అంతే. ఒకే బాటిల్ నుంచి రెండు చిన్న గ్లాసులు పోయండి, ఒకటి వేడిగా, ఒకటి చల్లగా. తేడా ఏంటో కామెంట్స్‌లో చెప్పండి. బై!