రికార్డులోని నాదస్వరము, ఊరి సన్నాయి

(పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మా శాఖవారు వచ్చిరనగా ఎరువులను గూర్చియో, పొదుపును గూర్చియో చెప్పుదురని మీరు తలచుట సహజము. నేడు సంగీతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు అనుమతింపుడు. ఇందులకొక కారణము కలదు.

క్రిందటి ఏడు ఒక గ్రామమున స్వామివారి కల్యాణోత్సవమునకు వెళ్ళితిని. ఆలయముపైని మైకునుండి షేక్ చినమౌలానాగారి నాదస్వరము వినవచ్చుచుండెను. నాకు మిక్కిలి ప్రీతియైన వాద్యమగుటచే అచ్చటనే నిలిచి వింటిని. పిమ్మట చూడగా, ఆ ఊరి సన్నాయి విద్వాంసుడు వాద్యమును గుడ్డలో చుట్టి ఒడిలో నుంచుకొని, మండపము మెట్టుమీద కూర్చుండి తానును వినుచున్నాడు. "పెద్దాయనా, నేడు మీ మేళము లేదా?" అని అడిగితిని. "పోయినేటి నుంచి మైకే వాయిస్తోంది బాబూ," అనెను. ఆయన మాటలో కోపము లేదు. "ఎంత బాగా వాయించారో విన్నారా?" అని మరల వినసాగెను.

ఆ రికార్డును వాయించిన మహావిద్వాంసుడెవరు? చినమౌలానాగారు 1924లో ఒంగోలు సమీపమునగల కరవది గ్రామమున జన్మించిరి. తరతరములుగా నాదస్వరమునే నమ్ముకొన్న ముస్లిము కుటుంబము వారిది. తిరువావడుతురై రాజరత్నం పిళ్ళైగారి బాణీ వారి మనస్సును ఆకర్షించెను. అంతట తంజావూరు సీమకు పోయి, నాచ్చియార్‌కోయిలులో రాజం, దురైకణ్ణు సోదరులకు శిష్యులై ఆ బాణీని సాధించిరి. తరువాత శ్రీరంగమున స్థిరపడిరి. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీవారు వారికి సంగీత కళానిధి బిరుదమిచ్చిరి. మరుసటి ఏడే వారు దివంగతులైరి. కరవది మీ గ్రామమువంటి గ్రామమే. అచ్చట పెండ్లిండ్లకు, ఉత్సవములకు మేళమును పిలుచువారు లేకున్నచో ఆ కుటుంబమున ఆ విద్య నిలిచియుండెడిదా?

రాజరత్నం పిళ్ళైగారి (1898-1956) తోడి రాగమును గూర్చి ఒక మాట. వారు తోడిని గంటలకొలది విస్తరించెడివారు. కాని ఆ దినములలోని లక్క ప్లేటు నిమిషమునకు 78 సార్లు తిరుగును. ఒక ప్రక్కను పట్టునది మూడు, మూడున్నర నిమిషములు మాత్రమే. అంతటి ఏనుగు ఆ ఇరుకు గదిలో ఎట్లు ఇమిడినదో వినియే తెలిసికొనవలెను. మొదటి స్వరములోనే రాగము నిండుగా ఎదుట నిలుచును. నిడివి గల రికార్డులు ఎన్నియో వచ్చినవి గాని, ఈ చిన్న ప్లేట్ల బిగువు నాకు వానిలో కనబడదు. ఇది నా అభిప్రాయము మాత్రమే.

ఫిడేలు వినదలచినవారికి ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893-1964) కలరు. విజయనగరపు సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరబోయిన వారిని, వాద్యము వినినంతనే ఆదిభట్ల నారాయణదాసుగారు ఉపాధ్యాయునిగా నియమించిరి. ఇది 1919 నాటి మాట. వారి కమాను నడక మృదువైనది. దానిని మైకులో పెట్టి ఊరంతకు వినిపించినచో అది చచ్చును. పదిమంది కూర్చుండి, చప్పుడు చేయక వినవలెను.

నేడు ఇట్టి రికార్డులు పెక్కు సెల్‌ఫోనులోనే లభించుచున్నవి. నెలకొక సాయంకాలము పంచాయతీ కార్యాలయమున వినుట కష్టము కాదు. మీ ఊరి సన్నాయి విద్వాంసుని ముందు వరుసలో కూర్చుండబెట్టి, ఇది ఏ రాగమని ఆయననే అడుగుడు. పిల్లలు వినుచుందురు.

కాని ఉత్సవమునకు, పెండ్లికి మాత్రము రికార్డు చాలదు. నాదస్వరము ఆరుబయట పలుకుటకే పుట్టినది. దానికి మైకుతో పనిలేదు. మరియు రికార్డునకు పురోహితుని చేతి సైగ తెలియదు. మాంగల్యధారణ వేళ గట్టిమేళము మ్రోగవలసినప్పుడు అది తన దారిన తాను పోవుచునే యుండును. స్వామి ఊరేగింపు మీ వీధి మలుపున ఆగినప్పుడు అది ఆగదు.

మీలో పెక్కురు ఉత్సవ సంఘములలోను ఉన్నారు. క్రిందటి ఏడు మైకు బాడుగకు ఎంత వ్యయమైనది, మేళమునకు ఎంత ముట్టినది అను లెక్క ఆ సంఘముల పుస్తకములలోనే యుండును. రానున్న ఉత్సవమునకు ముందు దయచేసి ఒకసారి తీసి చూడుడు.