టెక్నాలజీ యూనివర్సిటీ గడప దాకా మన పిల్లలు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో ఒక గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 అనగానే మనం ధింసా ఆడతాం, విల్లంబులు పట్టి ఊరేగింపు తీస్తాం. ఆడాలి, తీయాలి కూడా. అయితే 1982లో ఇదే తేదీన జెనీవాలో ఐక్యరాజ్యసమితి కార్యవర్గం మొదటిసారి కూర్చున్నది ఆదివాసీల హక్కుల గురించి మాట్లాడటానికి. అందుకని మేము కూడా ఈ రోజు ఒక హక్కు గురించే మాట్లాడదలిచాం. ఇంటర్ ఎంపీసీ అయిన మన పిల్లలు ప్రైవేటు టెక్నాలజీ యూనివర్సిటీల్లో చేరడం, అక్కడ నిలవడం మా అంశం.

మేము బి.ఇడి. చదివి, పాఠం చెప్పడం నేర్చుకొని, వార్డెన్ ఉద్యోగంలోకి వచ్చినవాళ్లం. పిల్లకు జ్వరమొస్తే ఏం చెయ్యాలో, పండక్కి వెళ్లి తిరిగి రాకపోతే ఏ ఊరికి వెళ్లి అడగాలో మాకు తెలుసు. ఇంటర్ తర్వాత ఏ తలుపు తట్టాలో మాత్రం చాలాకాలం మాకే తెలియలేదు. ఆ సంగతి దాచకుండా చెప్పడానికే ఈ మైకు పట్టుకున్నాం.

కొన్నేళ్ల క్రితం మే నెలలో మా హాస్టల్‌కు ఒకాయన వచ్చాడు. చేతిలో రంగురంగుల కాగితాలు, ఒక ట్యాబ్. చిన్న యూనివర్సిటీ, అంతా టెక్నాలజీ కోర్సులే, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కూడా ఉందన్నాడు. ఎస్టీ పిల్లలకు ఫీజు ప్రభుత్వమే కడుతుందన్నాడు. మేము ఆయనకు టీ ఇచ్చాం, పిల్లల్ని కూర్చోబెట్టాం, ఫొటో దిగాం. ఒక అమ్మాయి చేరతానంటే స్టడీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి ఇచ్చాం. "ఈ సీటు ఏ కోటాది?" అని ఒక్కమాట అడగలేదు.

ఆ పిల్ల తండ్రి మిరియాలు, కాఫీ అమ్మిన డబ్బుకు షావుకారు దగ్గర అప్పు కలిపి మొదటి విడత కట్టాడు. ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చినా, సీటు దొరికేసింది కదా అని కౌన్సెలింగ్‌కు వెళ్లలేదు. డిసెంబరులో పరీక్షల ముందు రెండో విడత కడితేనే హాల్ టికెట్ అన్నారు. రీయింబర్స్‌మెంట్ సంగతి అడిగితే, నేరుగా చేరినవాళ్లకు అది వర్తించదన్నారు. పిల్ల ట్రంకు పెట్టెతో తిరిగొచ్చింది. తండ్రి మా ఆఫీసు గుమ్మంలో నిలబడి, "మీరు సంతకం ఎట్టారు గదా మేడమూ, మంచిదే అనుకున్నాం" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. కోపంగా అని ఉంటే మాకు కొంచెం తేలికగా ఉండేది.

అప్పుడు మేము చదవడం మొదలుపెట్టాం. ఆ చదివింది మీ ముందు పెడుతున్నాం.

మన దేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారమే వస్తుంది. పార్లమెంటు చట్టంతోగాని రాష్ట్ర చట్టంతోగాని ఏర్పడిన యూనివర్సిటీ, కేంద్రం గుర్తించిన డీమ్డ్ యూనివర్సిటీ, లేదా పార్లమెంటు ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన సంస్థ మాత్రమే డిగ్రీ ఇవ్వగలవు. బోర్డు మీద యూనివర్సిటీ అని రాసుకుంటే చాలదు. 2002లో ఛత్తీస్‌గఢ్ చేసిన చట్టంతో వందకు పైగా ప్రైవేటు యూనివర్సిటీలు పుట్టాయి. వాటిలో చాలావాటికి సరైన భవనం కూడా లేదు. ప్రొఫెసర్ యశ్‌పాల్ సుప్రీంకోర్టుకు వెళితే, 2005లో కోర్టు ఆ ఏర్పాటును కొట్టేసింది. అందుకే ముందుగా చూడవలసింది యూజీసీ జాబితాలో ఆ పేరు ఉందా లేదా అని.

రెండోది సీటు. మన రాష్ట్రంలో 2016లో ప్రైవేటు యూనివర్సిటీల చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఏర్పడిన యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు ఇప్పుడు ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ద్వారా కన్వీనర్ కోటాలో నిండుతున్నాయి. మన రిజర్వేషన్, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ సీట్లకే. అదే భవనం, అదే తరగతి, అదే బెంచీ అయినా నేరుగా చేరితే మొత్తం ఫీజు మన నెత్తినే. డీమ్డ్ యూనివర్సిటీల దారి మళ్లీ వేరు, వాటి ప్రవేశ పరీక్షలు వాటివే. తెలంగాణలో 2018 చట్టం స్థానిక విద్యార్థులకు 25 శాతం సీట్లు అంది. రిజర్వేషన్ అమలు చేయాలని అక్కడి విద్యార్థి సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ మనకు రిజర్వేషన్ పెట్టే అధికారాన్ని 2005 నాటి 93వ రాజ్యాంగ సవరణ ఇచ్చింది. 2014లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అధికారం ఉన్నా, అడిగేవాళ్లు లేకపోతే అది కాగితం మీదే ఉంటుంది.

మూడోది సర్టిఫికెట్లు. ఆ పిల్ల టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఆ యూనివర్సిటీ దగ్గరే ఉండిపోయాయి. నాలుగేళ్ల ఫీజు కడితేనే ఇస్తామన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ స్పష్టంగా ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు కాపీ జతచేసి మేము ఉత్తరం రాశాం. ఐటీడీఏ ఆఫీసు నుంచి కూడా ఒక ఉత్తరం పెట్టించాం. మూడు వారాలకు సర్టిఫికెట్లు వచ్చాయి. ఫీజు మాత్రం రాలేదు, వాపసు అడిగే గడువు ఎప్పుడో దాటిపోయింది. షావుకారు అప్పు తీరడానికి ఆ ఇంటికి మరో రెండు కాఫీ పంటలు పట్టింది.

ఆ పిల్ల ఇంటి దగ్గరే ఉండి మళ్లీ చదివింది. ఆదివారాలు హాస్టల్‌కు వచ్చి లెక్కలు చేసుకునేది. ఈఏపీసెట్‌లో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ర్యాంకు ఇవ్వడానికి కనీస మార్కుల నిబంధన లేదని, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల్లో 40 శాతం ఉంటే చాలని మేమే తనకు ధైర్యం చెప్పాం. ఈసారి వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు పక్కనే కూర్చున్నాం. కన్వీనర్ కోటాలో సీటు వచ్చింది. విచిత్రం ఏమిటంటే, అది కూడా ఒక చిన్న ప్రైవేటు టెక్నాలజీ యూనివర్సిటీయే.

కాబట్టి చిన్న యూనివర్సిటీలన్నీ చెడ్డవని మేము అనడం లేదు. ఇక్కడ తరగతి చిన్నది. మొదటి సెమిస్టర్‌లో లెక్కలు తప్పితే, ఒక సారు పేరు పెట్టి పిలిచి సాయంత్రం ల్యాబ్‌లో కూర్చోబెట్టి చెప్పారట. ఇంట్లో కువి, బడిలో తెలుగు, అక్కడంతా ఇంగ్లీషు. ప్రోగ్రాం అర్థమైనా ప్రశ్న అర్థం కావడం లేదని ఫోనులో ఏడ్చేది. తోటి పిల్ల ఒకతె "నీది రిజర్వేషన్ సీటా?" అని అడిగితే, "అవును, పరీక్ష రాసి తెచ్చుకున్నాను" అందట. ఆ మాట చెప్పినప్పుడు మా వంటమనిషి చప్పట్లు కొట్టింది. ఇప్పుడు మూడో సంవత్సరంలో ఉంది. సెలవులకు వస్తే మా పిల్లలకు కంప్యూటర్ చెబుతుంది.

తల్లిదండ్రులకు మా మనవి ఇది. కాగితం పట్టుకొని ఎవరు వచ్చినా నాలుగు ప్రశ్నలు అడగండి. యూజీసీ జాబితాలో పేరు ఉందా? సీటు కన్వీనర్ కోటాదా? ట్యూషన్ ఫీజు కాక హాస్టల్‌కు, మెస్‌కు ఏడాదికి ఎంత అవుతుంది? కట్టిన ప్రతి రూపాయికీ రసీదు ఇస్తారా? జవాబు నోటిమాటగా కాదు, రాసి ఇమ్మనండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు కౌన్సెలింగ్‌కు ముందే తెచ్చుకోండి. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి, అక్కడ వదిలిరావద్దు.

సంఘానికి మా కోరిక ఒకటే. ధింసాకు దళం కట్టినట్టే, కౌన్సెలింగ్ నెలకు కూడా ఒక దళం కడదాం. ఇంజినీరింగ్ చదువుతున్న మన పిల్లలు నలుగురు ప్రతి మండలంలో కూర్చుంటే చాలు. మా ఊళ్లలో ఫోను సిగ్నల్ కోసం గట్టెక్కాలి. ఓటీపీ వచ్చేలోపు గడువు దాటిపోయిన పిల్లలు ఉన్నారు. ఆ నెల రోజులూ మా హాస్టల్ ఆఫీసు గది, కంప్యూటర్ రాత్రి పదింటి దాకా తెరిచే ఉంటాయి. ఇది ఈ సభలో మేమిస్తున్న మాట.

ధింసాలో ఒకరి నడుం ఒకరు పట్టుకొని అడుగు వేస్తాం, ఎవరూ జారిపోకుండా. మన పిల్లల చదువు దగ్గర కూడా అలాగే పట్టుకుందాం. ఇక మీదట ఏ సంతకమైనా చదివాకే పెడతాం.

జై ఆదివాసీ.