పొగతాగుడు – కరోనా
(సూరారంలో సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు కోరారు. నేను చెప్పబోయేది మనలో చాలామంది జేబుల్లో ఉన్న వస్తువు గురించే. కోపగించుకోకుండా వినాలని మనవి.

2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కరోనా కేసు బయటపడింది. అదే నెల 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. ఆ ఏటి రంజాన్‌లో మసీదులు మూతపడి తరావీహ్ ఇండ్లలోనే చదువుకున్నాం. జనాజాకు నలుగురు రావడానికే జంకిన రోజులవి. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. అయితే క్రిమి పోలేదు. బీడీ, సిగరెట్టు అసలే పోలేదు.

పొగ మన లోపల చేసే పని ఏమిటి? గాలి గొట్టాల లోపల సన్నని వెంట్రుకల వంటివి ఉంటాయి. అవి చీపురులాగా దుమ్మునూ, క్రిములనూ, కఫాన్నీ పైకి ఊడ్చేస్తుంటాయి. పొగ ఆ చీపురును పాడుచేస్తుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నెత్తురులో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. గుండె, రక్తనాళాలు దెబ్బతింటాయి. అలాంటి ఒంట్లోకి కరోనా న్యుమోనియా దిగితే తట్టుకునే శక్తి ఎక్కడిది? తలుపు ముందే విరిగిన ఇంట్లో దొంగకు శ్రమ ఏముంటుంది?

పొగతాగేవారికి కరోనా సోకితే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే 11న స్పష్టంగా చెప్పింది.

“పొగతాగేవాళ్లకు కరోనా రాదట కదా భాయ్!” అని కొందరు అప్పట్లో వాదించారు. ఆసుపత్రుల్లో చేరినవారిలో పొగతాగేవారు తక్కువగా కనబడ్డారన్న మాట నుంచి పుట్టిన వాదం అది. కాని ఆ హడావుడిలో రోగి అలవాట్లను సరిగా రాసుకున్నదెక్కడ? జబ్బుపడి మానేసినవారు కూడా తాగనివారి లెక్కలో పడిపోయే వీలుంది. అలాంటి ఒక వ్యాసాన్ని యూరోపియన్ రెస్పిరేటరీ జర్నల్ 2021లో వెనక్కి తీసుకుంది. రచయితల్లో ఇద్దరు పొగాకు పరిశ్రమతో తమ సంబంధాన్ని చెప్పకుండా దాచడమే అందుకు కారణం. ఎవరి లాభానికి ఎవరు మాట్లాడుతున్నారో గమనించండి.

చేయి మాటిమాటికి నోటికి పోతుంది. ఒకే బీడీ ఇద్దరు పంచుకుంటారు, ఒకే హుక్కా గొట్టం నలుగురి నోళ్లలో తిరుగుతుంది. జర్దా, గుట్కా నమిలేవారు తప్పించుకున్నామని అనుకోవద్దు. బహిరంగంగా ఉమ్మడాన్ని మన రాష్ట్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో నిషేధించింది.

నిజామాబాద్, సిద్దిపేట వైపు బీడీలు చుట్టి పిల్లల్ని సాకుతున్న తల్లులున్నారు. వారి కష్టాన్ని నేను తక్కువ చేయను. తాగేవారి ఇంట్లో పసిపిల్లల సంగతే నా బాధ. ఒక్క గది ఇంట్లో అబ్బా వదిలిన పొగ బిడ్డ ఊపిరిలోకే పోతుంది.

మానడం సాధ్యమా అంటారా? రంజాన్‌లో సెహరీ నుంచి ఇఫ్తార్ దాకా సుమారు 14 గంటలు ముట్టకుండా ఉంటున్నాం కదా! ఇఫ్తార్ కాగానే ముట్టించడం మానితే సగం దారి నడిచినట్లే. మానిన 12 గంటల్లో నెత్తురులోని కార్బన్ మోనాక్సైడ్ మామూలు స్థాయికి వస్తుంది. కొన్ని నెలల్లో దగ్గు, ఆయాసం తగ్గుతాయి. ఏడాదికి గుండెజబ్బు ముప్పు, తాగేవారితో పోలిస్తే, సగమవుతుంది. ఒంటరిగా చేతకాకపోతే 1800-11-2356కు ఫోన్ చేయండి, సలహా ఉచితం.

చివరగా ఒక విన్నపం. మన సంఘం సభల్లో, వలీమా దావత్‌లలో సిగరెట్టు పళ్లెం పెట్టకూడదని ఈ రోజే తీర్మానం చేద్దాం. ఊపిరి అల్లాహ్ మనకిచ్చిన అమానత్. దాన్ని చేజేతులా కాల్చుకోవద్దు. మీ అందరి ఆరోగ్యం కోసం దువా చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.

ఖుదా హాఫిజ్.