‘బాగు’ అన్న మాట చేసే చేటు
(కుందుర్పిలో ఉద్యోగుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ కరువు సీమలో ప్రభుత్వోద్యోగమనేది ఒక్కరిది కాదు, ఇంటిల్లిపాదిది. వేరుసెనగ ఎండిపోయిన ఏడు కూడా ఆ జీతం ఇల్లు నిలబెడుతుంది. అంత కష్టపడి ఉద్యోగం సంపాదించిన మన పిల్లలు, అందులో తమ ఎదుగుదలను నిర్ణయించే కాగితాన్ని మాత్రం చదవడం లేదు. అదే వార్షిక పనితీరు నివేదిక. మా కాలంలో దానిని రహస్య నివేదిక అనేవారు.

నివేదికలో చెడ్డ వ్యాఖ్య ఉంటేనే నష్టమని పలువురి భావన. దేవ్ దత్ అనే ఇంజనీరు విషయం వినండి. సరిహద్దు రహదారుల విభాగంలో పనిచేసిన ఆయనకు 1993-94 నివేదికలో ‘బాగు’ అని వ్రాశారు. పదోన్నతికి వరుసగా అయిదేళ్లు ‘చాలా బాగు’ ఉండాలి. ఆ ఒక్క మాటతో అవకాశం పోయింది. ఆ మాట ఉన్నదని ఆయనకు ఎవరూ తెలుపలేదు. 2008లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పేనాటికి ఆయన పదవీ విరమణ చేసి ఉన్నారు.

మంచిదైనా, మధ్యరకమైనా, చెడ్డదైనా ప్రతి గ్రేడునూ ఉద్యోగికి తెలియజేయాలని, తెలుపకపోవడం రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని ఆ తీర్పు సారాంశం. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీనిని స్థిరపరచింది. కేంద్ర ఉద్యోగులకు పూర్తి నివేదిక ఇవ్వాలని, అందిన 15 రోజులలో వారు విన్నపం చేసుకోవచ్చునని 2009 మే ఉత్తర్వు చెబుతున్నది. రాష్ట్ర ఉద్యోగులు తమ శాఖ నిబంధనలోని గడువు చూసుకోవాలి. ప్రైవేటు కంపెనీలవారికి ఈ తీర్పులు నేరుగా వర్తించవు. వారు నియామక పత్రంలోని షరతులు చదువుకోవాలి.

మతం కారణంగా ప్రభుత్వోద్యోగంలో వివక్ష చూపరాదని 16(2) అధికరణం శాసిస్తున్నది. అయితే అధికారి దురుద్దేశంతో వ్రాశాడని ఆరోపిస్తే, దానిని నిరూపించే బరువు ఆరోపించినవారిదే. 1974 నాటి రాయప్ప కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. కనుక ఆవేశం కంటె ఆధారం ముఖ్యం. ఏ తేదీన ఏ పని అప్పగించారు, ఎప్పుడు పూర్తిచేశారు, ఎవరు మెచ్చుకుంటూ మెమో ఇచ్చారు అన్నవి ఏడాది పొడవునా వ్రాసిపెట్టుకోండి. విన్నపంలో వాటినే పేర్కొనండి. కార్యాలయంలో ఇచ్చినప్పుడు నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. జీతం వచ్చిందా అని అడుగుతున్నారు. ఏడాదికొకసారి నివేదిక చదివావా అని కూడా అడగండి.