కథకి పేరు పెట్టేదెవరు?

(నారాయణఖేడ్‌లో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పురాణం, జానపదం, మిత్ - ఈ మాటల అర్థాల గురించి మాట్లాడమన్నారు. కూలి రేట్లు, భూమి పట్టాలు, ఇంట్లో దెబ్బలు - ఇన్ని సమస్యల మధ్య ఈ మాటల గొడవ మనకెందుకని కొందరికి అనిపించవచ్చు. ఒక కథని ఏ పేరుతో పిలుస్తామన్న దానిలోనే, ఆ కథ చెప్పే మనిషికి ఎంత విలువ ఇస్తున్నామన్నది ఉంటుంది. ఒక్కోసారి ఆ పేరు మీద ఒక మనిషి ప్రాణమే ఆధారపడుతుంది. అందుకే దీన్ని హక్కుల చర్చగానే చూస్తున్నాను.

ముందు పెద్ద మాటలు చూద్దాం. పురాణం అంటే పాతది. ఇతిహాసం అంటే 'ఇలా జరిగింది' అని. రెండింటిలోనూ అబద్ధమనే అర్థం లేదు. తెలుగులో ఇతిహాసం అనగానే రామాయణ భారతాలు గుర్తొస్తాయి. ఇక్కడి నుంచి బీదర్ వైపు వెళ్ళినా, దెగ్లూరు వైపు వెళ్ళినా అదే మాటకి చరిత్ర అని అర్థం. నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లాలోనే ఉండేది; తర్వాత మెదక్‌లోకి, 2016లో సంగారెడ్డిలోకి వచ్చింది. మూడు భాషలు కలిసే ఈ నేల మీద, కథకీ చరిత్రకీ మధ్య గీత ఎంత పలచనిదో మీకు వేరే చెప్పక్కర్లేదు.

గ్రీకు 'మిథోస్' కూడా మొదట మాట, కథ అనే అర్థాల్లోనే ఉండేది. తర్వాతే దానికి కల్పన, అబద్ధం అనే అర్థాలు అంటుకున్నాయి. దానికీ మన 'మిథ్య'కీ చుట్టరికం లేదు, ధ్వనిలో పోలిక తప్ప. అయినా తెలుగులో 'మిత్' అని రాయగానే చదివేవాళ్ళకి మిథ్యే వినిపిస్తుంది.

'ఫోక్‌లోర్' అనే మాటని ఇంగ్లండులో విలియం థామ్స్ 1846లో తయారుచేశాడు. మనకి ఆ స్థానంలో జానపదం వచ్చింది. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు గారి పరిశోధన, తర్వాత నాయని కృష్ణకుమారి గారి పని లేకపోతే ఎన్నో పాటల సంగతి మనకి తెలిసేది కాదు. అయితే ఈ విభజనలో ఒక మెట్టు ఉంది. డక్కలివాళ్ళు, చిందువాళ్ళు చెప్పేదాన్ని వాళ్ళు జాంబపురాణం అంటారు. మాదిగల పుట్టుకని ఆదిజాంబవుడి నుంచి చెప్పే కథ అది. వాళ్ళు పురాణం అన్నదాన్ని చదువుకున్నవాళ్ళు 'జానపద గాథ' అని రాస్తారు. గుడి మంటపంలో చెప్తే పురాణం, మాదిగవాడలో చెప్తే జానపదం! రెండూ పాత కథలే. తేడా కథలో లేదు, చెప్పేవాళ్ళ కులంలో ఉంది.

ఆడవాళ్ళు చెప్తే ఆ మెట్టు ఇంకా కిందికి దిగుతుంది. అమ్మలక్కల ముచ్చట్లు, ముసలమ్మ మాటలు, పుక్కిటి పురాణాలు - ఎన్ని పేర్లో! కానీ తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల కథనీ, పొడుపుకథనీ 'శాత్రం' అంటారు. అంటే శాస్త్రమే! పండితుడికి మాత్రమే చెందిందనుకున్న మాటని నాయనమ్మలు ఏ అనుమతీ అడక్కుండా వాడుకుంటున్నారు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలని పుస్తకంగా తెచ్చి, దానికి 'మనకు తెలియని మన చరిత్ర' అని పేరు పెట్టింది. ఆడవాళ్ళ ముచ్చటని చరిత్ర అని పిలవడమే అక్కడ రాజకీయం.

అలాగని జనం నోట ఉన్నదల్లా మన సంస్కృతి అని నెత్తిన పెట్టుకుందామా? అలా అనలేను. ఎల్లమ్మ కథే చూడండి. మొగుడి ఆజ్ఞతో కొడుకే తల నరికిన రేణుక, జనంలో ఊరిని కాచే తల్లి అయింది. ఆ తల్లి పేరు చెప్పే దళితుల ఆడపిల్లలని జోగినులుగా వదిలారు. 1988లో చట్టం దాన్ని నిషేధించింది. కథ ఒకటే, దాన్ని 'ఆచారం' అన్నంతకాలం అందులోని నేరం కనపడలేదు.

ఈ ప్రాంతానికి బాగా తెలిసిన మాట బాణామతి. మరాఠీలో భానామతి. హిందీ సామెతలో భానుమతి పెట్టె, బెంగాలీలో భానుమతి ఆట అంటే గారడీ. పాత కథల్లో ఇంద్రజాలం తెలిసిన ఒక స్త్రీ పేరే ఇలా మారిందని చాలామంది అంటారు. ఒక ఆడమనిషి విద్య పేరు ఇక్కడికొచ్చేసరికి నింద అయింది. బాణామతి పట్టిందని చెప్పేది తరచు ఆడవాళ్ళకి. చేశారన్న నింద పడేది బలం లేనివాళ్ళ మీద - ఒంటరి స్త్రీలు, దళితులు, పేద మగవాళ్ళు కూడా. మంత్రం పలకకుండా పళ్ళు ఊడగొట్టారు, తగలబెట్టారు.

ఇలాంటి ఘటనని మనం 'మూఢనమ్మకం' అని రాసి ఊరుకుంటే, తప్పు ఊరి అజ్ఞానం మీదికి పోతుంది. కొట్టినవాడు తప్పించుకుంటాడు. వెనకున్న భూతగాదా, పాత కక్ష కాగితంలోకే రావు. 2013 ఆగస్టులో పుణేలో నరేంద్ర దభోల్కర్ హత్య తర్వాత మహారాష్ట్ర ఇలాంటి అమానుష చర్యల మీద ప్రత్యేక చట్టం తెచ్చింది. కర్ణాటక 2017లో చేసింది. ఆ చట్టాలు శిక్షించేది మనసులో నమ్మకాన్ని కాదు, నమ్మకం పేరుతో చేసిన పనిని. మామూలు క్రిమినల్ చట్టం కింద కూడా కొట్టడం, బెదిరించడం, చంపడం నేరాలే.

కాబట్టి రెండు సూచనలు చేస్తాను. ఆడవాళ్ళ నుంచి పాటలు, కథలు రాసుకునేటప్పుడు వాళ్ళు వాటిని ఏమంటారో ఆ పేరే ముందు రాయండి - పాట, శాత్రం, పురాణం, ఏదైనా సరే. మన వర్గీకరణ తర్వాత. బాణామతి కేసు నివేదిక రాసేటప్పుడు మాత్రం ఆ మాటతో మొదలుపెట్టకండి. ఎవరు ఎవరిని ఏం చేశారు, ఎప్పుడు, ఎవరు చూశారు, ఇద్దరి మధ్య ఏ తగాదా ఉంది - ఇవి రాయండి. కథకి వినేవాళ్ళుంటారు, నిందకి బలయ్యేవాళ్ళుంటారు. ఊళ్ళో ఒక మాట పుట్టినప్పుడు, అది ఎవరి వైపు వేలు చూపిస్తోందో చూసి, ఆ మనిషి ఇంటికి మనం ముందుగా వెళ్ళాలి.