మన ముత్తాత పేరు ఏ కాగితంలో ఉంది?

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. కొమ్ము నృత్యం గురించి, ఇలవేల్పుల గురించి నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. నేను కాగితాల గురించి చెబుతాను. మన ముత్తాత పేరు ఎక్కడ వెతకాలో తెలిసి ఉండటం కూడా సంస్కృతే అని నా నమ్మకం.

జూన్‌లో అడ్మిషన్లప్పుడు చూస్తుంటాను. ఒకే ఇంటి అన్నదమ్ములలో ఒకరి ఇంటిపేరు సోడె, రెండోవాడిది సోడి. మడివి కాస్తా మాడివి అవుతుంది. రాసినవాళ్లకు కోయ భాష రాదు, చెవికి ఎలా వినబడితే అలా రాశారు. బడిలో అది ఒక్క అక్షరమే. భూమి కేసులో ఎదుటి వకీలు పట్టుకునేది ఆ అక్షరాన్నే.

అమెరికాలో జనగణన జరిగిన 72 ఏళ్లకు మనుషుల పేర్లతో సహా ఆ పుస్తకాలు అందరికీ తెరుస్తారు. 1950 నాటివి 2022లో తెరిచారు. అక్కడి చెరోకీ ఆదివాసులు తమ జాతి సభ్యత్వానికి నేటికీ డాస్ జాబితాలో పూర్వీకుల పేరు చూపించాలి. 1898లో మొదలైన ఆ జాబితా ఉమ్మడి భూమిని ముక్కలు చేసి పంచడానికి రాసినది. ఆ పంపకంతోనే వాళ్ల భూమి చాలావరకు చేజారింది. పేరు కాగితం మీదికి ఎక్కడం ఎప్పుడూ మేలే అనుకోకండి.

మన జనగణన అలా కాదు. మద్రాసు రాజధానిలో 1871 నుంచి లెక్కిస్తున్నారు. కోయలు ఇంతమంది, కొండరెడ్లు ఇంతమంది అని అంకె దొరుకుతుంది, మీ తాత దొరకడు. 1948 చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపించరు. అందుకే మనకు మిగిలేది భూమి రికార్డే.

అది ఏ ఆఫీసులో ఉంటుందో తెలుసుకోవడమే పెద్ద పని. రేకపల్లి ప్రాంతం చూడండి, ఇప్పటి వి.ఆర్.పురం మండలం. 1860లో నిజాం దాన్ని ఇంగ్లీషువాళ్లకు ఇచ్చాడు, సెంట్రల్ ప్రావిన్సెస్‌లో చేరింది. 1874లో మద్రాసు వారి గోదావరి జిల్లాకు, 1959లో ఖమ్మానికి, 2014లో తిరిగి తూర్పు గోదావరికి, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాకు మారింది. ఊరు కదల్లేదు, కట్టలు తిరిగాయి. గోదావరికి అవతలి ఒడ్డున కుక్కునూరు, వేలేరుపాడు నిజాం ఏలుబడిలోనే ఉన్నాయి. అక్కడ అడంగల్ అని అడిగితే లాభం లేదు, 1954-55 ఖాస్రా పహాణీ అడగాలి. అంతకన్నా పాతవైతే ఉర్దూ చదివేవాళ్లను వెంట తీసుకెళ్లాలి. ఏటికి అటూ ఇటూ వియ్యమందుకున్న కుటుంబానికి రెండు రకాల కాగితాలు!

రంప వైపు ఇంకో చిక్కు. అక్కడ ముఠాదారు పేరే కాగితంలో ఉండేది, దున్నినవాడి పేరు ఉండేది కాదు. 1969 రెగ్యులేషన్‌తో ముఠాలు రద్దయ్యాకే రైతుల పేరున పట్టాలకు దారి పడింది. పోడు కొట్టుకున్నవాడికి సర్వే నంబరే లేదు. దొరల కాగితాల్లో మనవాళ్ల పేర్లు ఎక్కువగా కనబడేది పితూరీల దగ్గర, 1879లో, మళ్లీ 1922-24లో. గాం మల్లుదొరను అండమాన్ పంపారు, ఆయనే 1952లో పార్లమెంటు సభ్యుడయ్యారు. జైలు రికార్డూ, లోక్‌సభ రికార్డూ రెండూ ఉన్న మనిషి ఆయన. మన తాతలకు రెండూ లేవు.

ఇంత తిప్పలు ఎందుకంటారా? మద్రాసు ఏజెన్సీలో 1917 చట్టం నుంచే ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి వెళ్లకూడదు. 1/70 ఇంకో మెట్టు ఎక్కింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి దగ్గర నుంచి వచ్చినదే అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవలసింది అతనే. కానీ ఎస్.డి.సి. కోర్టులో అవతలివాడు పాత కాగితం తెచ్చినప్పుడు మన చేతిలోనూ ఒకటి ఉండాలి కదా.

అటవీ హక్కుల నిబంధనలు నాకు బాగా నచ్చాయి. 2008లో వచ్చిన ఆ నిబంధనల్లో 13వది చదవండి. గెజెటీర్లు, సెటిల్‌మెంట్ రిపోర్టులతో పాటు శ్మశానాలు, పాత బావులు, వేల్పుల స్థలాలు కూడా సాక్ష్యమే. పెద్దలు చెప్పింది రాసి పెడితే అదీ సాక్ష్యమే. పాత రికార్డులో ఉన్న మనిషి దాకా వెళ్లే వంశవృక్షం కూడా సాక్ష్యమే. అంటే మన డోలీలు పడిగె ముందు నిలబడి పాడుతూ వచ్చిన వంశ చరిత్రకు, గట్టు గట్టుకూ ఉన్న జ్ఞాపకానికి కాగితం మీద చోటు దొరికింది. పాట తానుగా పట్టా అయిపోదు, నిజమే. కానీ పాటలోని పేరు, రికార్డులోని పేరు ఒక్కటేనని గ్రామసభలో చూపించగలిగితే బలం.

పోలవరం కింద ఖాళీ చేస్తున్న ఊళ్ల సంగతి వేరు. కాగితం ఏదో ఆఫీసులో ఉంటుంది, ఆలస్యమైనా వెతకవచ్చు. పెద్దల పేరున నిలిపిన రాళ్లు, చింతతోపు, శ్మశానం నీళ్ల కిందికి వెళ్లాక ఎవరికి చూపిస్తాం? ఊరు చెదిరి కాలనీల్లో పడ్డాక, ఎవరి చేను పక్కన ఎవరి చేనో చెప్పే ముసలివాళ్లు కూడా ఒకచోట దొరకరు.

అందుకని మా పిల్లలకు దసరా సెలవుల పని ఇస్తున్నాను. ఒక నోటు పుస్తకం తీసుకోండి. నానమ్మనూ అమ్మమ్మనూ అడిగి ఏడు తరాలు కాకపోయినా నాలుగు తరాల పేర్లు రాయండి, ఆడవాళ్ల పేర్లు వదలొద్దు. ఇంట్లో ఎలా పలుకుతారో అలాగే రాయండి, పక్కన సర్టిఫికెట్‌లో ఎలా ఉందో కూడా రాయండి. గట్టు, ఇలవేల్పు, చేను ఎల్లలు రాసి, చెప్పినవాళ్ల చేత సంతకం గానీ వేలిముద్ర గానీ తేదీతో వేయించండి. మునక ఊళ్ల పిల్లలు ముందు రాళ్ల ఫొటోలు తీసుకోండి. ఫోను లేనివాళ్లకు నా ఫోను ఇస్తాను.